మా రోజుల్లో కోర్టుకు తాళం లేదు

మా మనవరాలికి ఇండియానాపొలిస్‌లో ఏ రాత్రి ఎవరితో ఆట ఉందో నోటికొచ్చు. అక్కడి బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్‌కు దెబ్బ తగిలిందని వార్త వస్తే ఆ పూట సరిగ్గా అన్నం తినదు. కానీ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, తార్నాక రోడ్డు మీద ఉన్న రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ ఇరిసెట్‌లో, పి.వి.సింధు బ్యాడ్మింటన్ ఓనమాలు దిద్దిన కోర్టులున్నాయని నేను చెప్పేదాకా ఆ పిల్లకు తెలియదు. ఆమె స్నేహితులకూ తెలియదు. బడిలో ఎవరూ చెప్పలేదు, టీవీలో ఎవరూ చూపించలేదు. పదివేల మైళ్ల అవతలి ఆటగత్తె బూట్ల రంగు తెలిసిన పిల్లలకు పక్క వీధి చరిత్ర తెలియకుండా పోయిన కాలం ఇది.

నాకు కోపం క్లార్క్ మీద కాదు. ఆ అమ్మాయి ఆట నేనూ చూస్తాను, తెల్లవారుజామున లేచి మరీ చూస్తాను. నా కోపమల్లా మన చూపు మీద. ఆమె దూరం నుంచి విసిరే బంతుల్ని ఫోన్లో తిప్పితిప్పి చూస్తాం గానీ, ఆమెను తయారు చేసిన చోటు ఎలాంటిదో చూడం. ఆ చోటు పేరు విశ్వవిద్యాలయం. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను డెబ్బయ్యో దశకం మొదట్లో ఉస్మానియా క్యాంపస్‌లో లెక్కలు చదివి, అక్కడే బాస్కెట్‌బాల్ ఆడి, ఆ ఆట పుణ్యాన రైల్వేలో ఉద్యోగం సంపాదించుకుని, తార్నాకలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. నాకు అన్నం పెట్టింది ఒక సిమెంటు కోర్టు. అందుకే ఈ విషయంలో నా నోరు ఊరుకోదు.

ముందు ఆ అమ్మాయి సంగతే చెప్తాను. 2002లో అయోవా రాష్ట్రంలో పుట్టింది. మొక్కజొన్న చేల రాష్ట్రం అది. చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఆడపిల్లల జట్టు దొరక్క మగపిల్లలతో కలిసి ఆడింది. బడి అయిపోయేసరికి దేశంలోని పెద్ద పెద్ద జట్లు చాలా పిలిచాయి. ఆమె మాత్రం సొంత రాష్ట్రంలోని అయోవా విశ్వవిద్యాలయాన్నే ఎంచుకుంది, ఇంటి నుంచి కారులో రెండు గంటల దూరం. అక్కడ నాలుగేళ్లు ఆడింది, నాలుగేళ్లు చదివింది, మార్కెటింగ్‌లో డిగ్రీ పుచ్చుకుంది. 3,951 పాయింట్లు చేసింది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి శ్రేణిలో ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ అన్ని పాయింట్లు చేసినవాళ్లు అప్పటికి లేరు. 2024 మార్చిలో ఆమె దాటిన పాత లెక్క పీట్ మరావిచ్‌ది, 3,667.

ఇక్కడ పాతవాడిగా నేనొక మాట అనాలి. మరావిచ్ ఆ పాయింట్లు చేసింది 1967 నుంచి 1970 దాకా, మూడేళ్లలో. ఆ రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థిని పెద్ద జట్టులో ఆడనిచ్చేవాళ్లు కాదు. మూడు పాయింట్ల గీత అసలు లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. సగటున మ్యాచ్‌కు 44 పాయింట్లు. మా మనవరాలితో ఈ లెక్క చెప్తే, "తాతా, నువ్వు ప్రతిదానికీ పాతవాణ్ణే పైకెత్తుతావు" అంటుంది. పైకెత్తడం కాదు బిడ్డా, తూకం సరిగ్గా ఉండాలంటే రెండు పళ్లేలూ చూడాలి.

మరావిచ్ పేరు మాకు అప్పుడే తెలుసు. ఫోన్లు లేవు, టీవీ హైదరాబాదుకు ఇంకా రాలేదు, మరి ఎలా తెలుసు? మా క్యాంపస్‌లోనే 1964లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాల మీద పరిశోధన చేసేవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి అక్కడ కూర్చునేవాళ్లు. పుస్తకాలు మాకు పట్టేవి కావు, మేం వెళ్లింది పత్రికల కోసం. బొమ్మలు చూసి, కింద రాసిన ఇంగ్లిషు కూడబలుక్కుని, ఒకడు గాల్లో ఎగిరినప్పుడు మోచెయ్యి ఎక్కడుందో, మణికట్టు ఎటు వంగిందో చూసుకుని, సాయంత్రం కోర్టులో అదే చేయడానికి ప్రయత్నించేవాళ్లం. ఒక్క బొమ్మ వారం రోజుల సాధనకు సరిపోయేది. ఇప్పుడు గంటకు వంద వీడియోలు చూస్తున్నారు, సాయంత్రానికి ఒక్కటీ చేతికి రాదు.

అక్కడి పత్రికల్లో కనిపించినవాళ్లలో నన్ను పట్టేసుకున్నవాడు బిల్ బ్రాడ్లీ. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆడినవాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెరికా జట్టులో ఉన్నాడు. 1965లో న్యూయార్క్ నిక్స్ జట్టు రమ్మని పిలిచింది. డబ్బు, పేరు, ఊరు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అతను ముందు చదువు పూర్తి చేస్తానని ఆక్స్‌ఫర్డ్ వెళ్లి రెండేళ్లు అక్కడే ఉన్నాడు. 1967లో వచ్చి నిక్స్‌లో చేరి, 1970లో, 1973లో ఆ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు. ఆట మానేశాక సెనేటర్‌గా ఎన్నికై 1979 నుంచి 1997 దాకా పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. హాస్టల్ మంచం మీద పడుకుని ఈ మనిషి గురించి ఎన్నిసార్లు తలుచుకున్నానో! ఆటా చదువూ ఒకే మనిషిలో పట్టవని ఎవరన్నా అంటే నాకు వెంటనే అతనే గుర్తొస్తాడు.

మా కోర్టు ఎలా ఉండేదో చెప్పాలి. సిమెంటు నేల. చెక్క బోర్డు, దానికి బిగించిన ఇనుప రింగు. వలకు ఎప్పుడో గాని కొత్త తాడు రాదు, అది లేనప్పుడు బంతి లోపలి నుంచి పడిందా పక్క నుంచి జారిందా అని గొడవ. తోలు బంతి వానకు తడిస్తే బరువెక్కి చేతికి రాయిలా తగిలేది. కాళ్లకు బాటా కాన్వాసు బూట్లు, అడుగు అరిగితే లోపల అట్టముక్క. ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. 30 సెకన్లలోపు బంతి రింగు వైపు వేయాలన్న నియమం ఉండేది, దాన్ని చూసుకోవడానికి గోడ మీద అంకెల గడియారం లేదు. ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టిగా అరిచేవాడు. మూడు పాయింట్ల గీతను అంతర్జాతీయ సమాఖ్య 1984లో గాని తేలేదు. కాబట్టి మాకు నేర్పిన ఆట వేరు. దగ్గరికి చొచ్చుకుపో, బోర్డుకు కొట్టి లోపల వెయ్యి, తోటివాడికి ఖాళీ దొరికితే వాడికివ్వు. ఇవాళ ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా గీత బయట నిలబడి బంతిని రెండు చేతులతో గుండెల మీంచి తోస్తున్నాడు. దగ్గరి నుంచి వేసే లే-అప్ రాకుండా దూరపు షాట్ నేర్పే కోచ్‌లంటే నాకు సరిపడదు. క్లార్క్ అంటే దూరపు షాట్లే కాదు, ఆమె పాస్‌లు చూడండి. ఆడవాళ్ల వృత్తి లీగు డబ్ల్యూఎన్‌బీఏలో మొదటి ఏడాదే 337 పాస్‌లు తోటివాళ్ల పాయింట్లుగా మారాయి, ఆ లీగులో ఒక సీజన్‌కు అప్పటికి అదే రికార్డు. పిల్లలు తిప్పితిప్పి చూసే వీడియోల్లో ఆ పాస్‌లు ఉండవు.

సాయంత్రం నాలుగున్నరకు కోర్టు మీదికి ఎవరొస్తే వాళ్లదే ఆట. ఇంజినీరింగ్ కాలేజీవాడు, లా కాలేజీవాడు, సైన్స్ కాలేజీవాడు, క్యాంపస్ ఉద్యోగుల పిల్లలు, తార్నాక, లాలాగూడ రైల్వే క్వార్టర్ల కుర్రాళ్లు. వరంగల్ నుంచి వచ్చినవాడు తెలుగులో అరిస్తే పాతబస్తీవాడు ఉర్దూలో జవాబిచ్చేవాడు, బంతికి మాత్రం రెండూ అర్థమయ్యేవి. గేటు లేదు, తాళం లేదు, గంటకింత అని లేదు. నేర్పించేది కూడా ఎక్కువగా సీనియర్లే. నీకంటే రెండేళ్లు పెద్దవాడు నీ మోచెయ్యి పట్టుకుని సరిచేసేవాడు, రెండేళ్ల తర్వాత నువ్వు ఇంకొకడికి సరిచేసేవాడివి. ఆర్ట్స్ కాలేజీ నుంచి సైకిల్ మీద ఇంటికెళ్లే మాస్టారు ఒకాయన కాసేపు కాలు నేల మీద ఆనించి నిలబడి చూసి, మర్నాడు క్లాసులో "నిన్న నీ పాస్ బాగుందోయ్" అనేవారు. ఆ మాట విన్న రోజు లెక్కలు కూడా బాగా వచ్చేవి.

ఉస్మానియాకు ఆటల వారసత్వం కొత్తది కాదు. ఇక్కడ చదివి, బడిపంతులుగా పనిచేసి, ఫుట్‌బాల్ నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరివాడే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక గాని చాలామందికి ఆయన పేరు తెలియలేదు. ఆయన పోలీసు కాదు, వ్యాపారి కాదు. పాఠం చెప్పే మనిషి. ఆట నేర్పడం చదువు చెప్పడంలో భాగం అనుకున్న తరం అది.

విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికైతే బ్లేజర్ ఇచ్చేవాళ్లు. జేబు మీద యూనివర్సిటీ ముద్ర. ఆ బ్లేజర్ వేసుకుని ఊరికి వెళితే పెళ్లిచూపులకు వచ్చినంత మంది వచ్చి చూసేవాళ్లు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రైల్లో సెకండ్ క్లాసులో, హోల్డాల్ చుట్టుకుని, మూటల మీద కూర్చుని వెళ్లేవాళ్లం. అక్కడ రైల్వే వాళ్లు, బ్యాంకుల వాళ్లు, పోలీసుల వాళ్లు చూసేవాళ్లు. బాగా ఆడేవాడికి పిలుపు వచ్చేది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా పుట్టింది. కొత్త జోన్, కొత్త జట్లు, ఆటగాళ్లు కావాలి. మా తరంలో ఎంతమంది కుర్రాళ్లు ఆ దారిన గుమాస్తాలుగా, టీటీఈలుగా చేరి కుటుంబాల్ని నిలబెట్టారో! ఒలింపిక్స్ ఆడలేదు. భారత బాస్కెట్‌బాల్ జట్టే ఒలింపిక్స్‌కు వెళ్లింది ఒక్కసారి, 1980 మాస్కోకు. అయినా మేం బతికాం, ఆడాం, పింఛను తీసుకుంటున్నాం. జాతీయ పోటీల్లో రైల్వే ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుదే ఏళ్ల తరబడి పైచేయి అయిందంటే ఈ ఉద్యోగాల దన్నే కారణం.

సింధు కథ ఈ రైల్వే కథలో నుంచే పుట్టింది. తండ్రి పి.వి.రమణ, తల్లి విజయ, ఇద్దరూ రైల్వేలో ఉద్యోగం చేసిన వాలీబాల్ ఆటగాళ్లు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో రమణ ఉన్నాడు, 2000లో అర్జున అవార్డు అందుకున్నాడు. వాళ్ల అమ్మాయి 1995లో పుట్టింది. తల్లిదండ్రులు వాలీబాల్ కోర్టుకు వెళితే పిల్ల కూడా వెళ్లింది, పక్కన బ్యాడ్మింటన్ ఉంటే అటు పోయింది. ఇరిసెట్ కోర్టుల్లో మెహబూబ్ అలీ గారు మొదటి పాఠాలు చెప్పారు. ఆ కోర్టులు ఒలింపిక్ పతకం కోసం కట్టినవి కావు. సిగ్నళ్ల పని నేర్చుకోవడానికి వచ్చిన ఉద్యోగులు సాయంత్రం నాలుగు చెమట చుక్కలు రాల్చడానికి, వాళ్ల పిల్లలు ఆడుకోవడానికి కట్టినవి. ఆ మామూలు కోర్టులోకి ఒక పొడుగు పిల్ల నడిచి వచ్చింది. రాగానే గేటు దగ్గర ఎవరూ రశీదు అడగలేదు. నేను పదే పదే చెప్పేది ఇదే.

తర్వాతి కథ మీకు తెలుసు. పుల్లెల గోపీచంద్ దగ్గర చేరింది. ఇంటి నుంచి శిక్షణకు రోజుకు 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. 2013లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2016లో రియో ఒలింపిక్స్ రజతం. 2019లో బాసెల్‌లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం. 2018లో ప్రపంచంలో అత్యధికంగా సంపాదించే క్రీడాకారిణుల ఫోర్బ్స్ జాబితాలో ఏడో స్థానం. ఆ సంపాదన గురించి అందరూ రాశారు. మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీలో ఆమె చదువు కూడా సాగిందని ఎంతమంది రాశారు? ఆట ఆడిన తల్లిదండ్రులకు ఆటనూ చదువునూ విడదీయకూడదని తెలుసు.

ఇక ఇవాళ్టి సంగతి. మా మనవరాలు ఈ ఏడు పదో తరగతి. వచ్చే జూన్‌లో ఇంటర్. ఆమె కోసం మా అబ్బాయితో కలిసి నేనూ కొన్ని కాలేజీలు చూడటానికి వెళ్లాను. ఒకచోట అయిదంతస్తుల భవనం. లిఫ్టు ఉంది, ఏసీ గదులున్నాయి, గోడల నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. "గ్రౌండ్ ఎక్కడుందండీ" అని అడిగాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి నన్ను వింతగా చూసి, "రెండేళ్లే కదా సార్, తర్వాత ఎంతైనా ఆడుకోవచ్చు" అన్నాడు. ఇంకోచోట కోర్టు గీతలున్నాయి, వాటి మీద బైకులు పార్కింగ్. మరోచోట బ్రోషర్లో కోర్టు బొమ్మ ఉంది, నేల మీద లేదు.

రెండేళ్లే కదా! పదహారు నుంచి పద్దెనిమిది. ఒళ్లు పెరిగే వయసు, చేతికీ కంటికీ పొత్తు కుదిరే వయసు. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పిల్లను గదిలో కూర్చోబెట్టి, ఈఏపీసెట్టు అయ్యాక బయటికి వదిలి, ఇక ఆడుకో అంటే ఎక్కడి నుంచి ఆడుతుంది? బడిలో జిల్లా స్థాయిలో ఆడిన పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికి బంతి అటక మీద పెట్టేస్తున్నారు. నేను చూసినంతలో ఈ రెండేళ్లలో ఆగిపోయినవాళ్లలో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు చాలా అరుదు. మన రెండు రాష్ట్రాల్లో ఆట చచ్చిపోతున్నది ఒలింపిక్స్ దగ్గర కాదు, ఇంటర్మీడియట్ దగ్గర. క్లార్క్ ఆ వయసులో ఏం చేసిందో మా వాళ్లకు చెప్పాను. పొద్దున బడి, సాయంత్రం బడి కోర్టు. ఆ తర్వాత నాలుగేళ్లు యూనివర్సిటీ కోర్టు. ఆమెను ఎవరూ రెండేళ్లు దాచిపెట్టలేదు.

ఇంకొక మార్పు, డబ్బు కట్టి ఆడే చోట్లు. మేడల మీద వలలు కట్టి, పచ్చ తివాచీ పరిచి, దీపాలు పెట్టి, గంటకింత అని అద్దెకిస్తున్నారు. ఆఫీసు నుంచి వచ్చిన పదిమంది కలిసి డబ్బులు వేసుకుని ఆడుకోవడానికి అవి పనికొస్తాయి, వాళ్లను ఏమీ అనను. కానీ క్యాంపస్ పక్కనున్న మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి వచ్చే కుర్రాడి దగ్గర గంటకు కట్టే డబ్బులు ఎక్కడివి? అతను గేటు బయట నిలబడి చూడాలి. మా రోజుల్లో చూసేవాణ్ణి లోపలికి లాగి, ఒకడు తక్కువయ్యాడు రారా అనేవాళ్లం. అలా లోపలికి వచ్చినవాడే కొన్నిసార్లు జట్టులో మంచి ఆటగాడయ్యేవాడు. గంట లెక్క వచ్చాక సీనియర్ జూనియర్‌కు నేర్పే పద్ధతి కూడా పోయింది. గంట అయిపోగానే తర్వాతి జట్టు తలుపు కొడుతుంది.

అమెరికావాళ్లు అంతా సవ్యంగా చేస్తున్నారని నేననను. అక్కడా బజారు కోర్టులోకి వచ్చేసింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. ఆడేవాడికి రాబడి రావడం న్యాయమే, ఇన్నేళ్లూ వాళ్ల చెమట మీద కోట్లు తీసుకున్నది విశ్వవిద్యాలయాలే కదా. కానీ డబ్బు కోసం ఏడాదికో కాలేజీ మారేవాడికి మాస్టారెవరు, సీనియరెవరు? ఈ జాడ్యం ముదిరితే బ్రాడ్లీ లాంటివాడు మళ్లీ పుట్టడు.

ఆటలో దెబ్బ తగిలితే ఏమిటన్నది ఇంకో సంగతి. క్లార్క్ ఆడే ఊళ్లోనే మగవాళ్ల జట్టులో టైరీస్ హాలిబర్టన్ ఉన్నాడు. మా మనవరాలికి అతనన్నా ఇష్టమే. అయోవా స్టేట్‌లో రెండేళ్లే ఉండి, 2020లో వృత్తి ఆటకు వెళ్లాడు. శాక్రమెంటో కింగ్స్ తీసుకుంది, 2022 ఫిబ్రవరిలో ఇండియానా పేసర్స్‌కు మార్చేసింది. 2025 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలుండగా బంతి వేసి గెలిపించాడు. అదే ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో, పిక్క నొప్పితోనే దిగి, కుడికాలి మడమ నరం తెగి కోర్టు మీద పడిపోయాడు. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. ఆ దృశ్యం చూసి మా మనవరాలు ఏడ్చింది, నాకూ కడుపులో తిప్పినట్టయింది. అతనికి 20 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం ఉంది, వైద్యులున్నారు, కోలుకునే దాకా జీతం ఆగదు. మా రోజుల్లో మోకాలు పోతే రైల్వే ఆసుపత్రి ఉండేది, మర్నాడు వెళ్లి కూర్చోవడానికి కుర్చీ ఉండేది. ఇవాళ మన దగ్గర అప్పు చేసి ప్రైవేటు అకాడమీలో పిల్లను వేసిన తండ్రికి, ఆ పిల్ల మోకాలు పోతే ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు కనబడరు.

క్లార్క్ లెక్క కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 2024లో ఆమె మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. ప్రకటనల్లో వచ్చేది దానికి ఎన్నో రెట్లు, అలా వచ్చేది ఏ కొద్దిమందికో. ఆ ఏడాది ఆ లీగులో ఉన్నవి 12 జట్లు, జట్టుకు 12 మందికి మించకుండా. దేశమంతా గాలించి ఆ ఏడాది ఎంపిక చేసింది 36 మందిని, వాళ్లలోనూ సీజన్ మొదలయ్యేలోపు ఇంటికి పంపినవాళ్లు చాలామంది. మిగతా వేలమంది కాలేజీ ఆటగత్తెలు ఏమవుతారు? డిగ్రీ పట్టుకుని టీచర్లు, డాక్టర్లు, కోచ్‌లు అవుతారు. మన ఇళ్లలో సింధు అవుతుందా అవదా అని అడుగుతారు, అవదంటే రాకెట్ లాక్కుంటారు. సింధుకూ ఏమీ కాకపోవడానికీ మధ్య ఎంత చోటుందో మా తరం మొత్తం బతికి చూపించింది. ఆ మధ్య చోటే ఇవాళ ఖాళీ అయిపోయింది. ఉద్యోగాలిచ్చిన బ్యాంకుల్లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో కలిసిపోయింది, ఆంధ్రా బ్యాంక్ 2020లో కలిసిపోయింది. పాత కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడ్డాయి.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటి కాలమే మేలని నిండు మనసుతో ఒప్పుకుంటాను. మా కోర్టు మీద సాయంత్రం వేళ అమ్మాయిలు కనబడేవాళ్లు కాదు. ఎవరూ వద్దని బోర్డు పెట్టలేదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు. సరిగ్గా నేను క్యాంపస్‌లో ఉన్న 1972లోనే, జూన్ 23న, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదన్నది. ఆ ఒక్క నియమంతో కాలేజీల్లో ఆడపిల్లల జట్లు వచ్చాయి, కోర్టులు వచ్చాయి, కోచ్‌లు వచ్చారు. యాభై ఏళ్లు నీళ్లు పోస్తే 2023 అక్టోబరులో అయోవా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియంలో క్లార్క్ ఆడిన ఒక స్నేహపూర్వక మ్యాచ్‌కు 55,646 మంది వచ్చారు. 2024 కాలేజీ ఫైనల్‌ను మగవాళ్ల ఫైనల్ కంటే ఆడవాళ్ల ఫైనల్‌నే ఎక్కువమంది టీవీలో చూశారు. వరసగా రెండు ఫైనల్స్‌లో, 2023లోనూ 2024లోనూ, క్లార్క్ జట్టు ఓడిపోయింది. కప్పు లేకుండానే యూనివర్సిటీ నుంచి వెళ్లింది. అయినా 2025 ఫిబ్రవరిలో ఆమె 22వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకుండా గౌరవించారు. గెలుపు ఒక్కటే చూసేవాళ్లు ఈ మర్యాద గురించి కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు క్యాంపస్‌లో పొద్దున నడకకు వెళితే ట్రాక్ మీద పరుగెత్తే అమ్మాయిలు కనిపిస్తారు. పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు కొందరు, ఆట కోసం కొందరు. బూట్లు మా కాన్వాసు బూట్ల కంటే ఏమంత గొప్పగా లేవు. వాళ్లను చూస్తే నాకు ధైర్యం వస్తుంది. ఈ ఊళ్లో ఆడాలనే కోరిక చావలేదు. కరువైంది తెరిచిన గేటు, గేటు దగ్గర నిలబడి రమ్మని పిలిచే పెద్దమనిషి.

అందుకే ఇది చదివే తల్లిదండ్రులకు ఒకటే మనవి. వచ్చే జూన్‌లో మీ పిల్లను ఏ కాలేజీలో చేర్చినా, ఫీజు ఎంతని అడిగే ముందు గ్రౌండ్ చూపించమనండి. బొమ్మ కాదు, నేల. రోజుకు గంటైనా పిల్లల్ని దాని మీదికి వదులుతారా అని అడిగి, జవాబు నచ్చకపోతే బయటికి వచ్చేయండి. పదిమంది అలా వచ్చేస్తే పదకొండోవాడికి వాళ్లే కోర్టు కడతారు. నాతో పాటు ఆడి, నాలాగే రిటైరై, తార్నాకలో, హబ్సిగూడలో, లాలాగూడలో, మెట్టుగూడలో ఉంటున్న పాత ఆటగాళ్లకు ఇంకో మనవి. మన మోకాళ్లు పోయినా నోరు ఉంది, కన్ను ఉంది. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ బడికి సాయంత్రం వెళ్లి, హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, నలుగురు పిల్లలకు లే-అప్ నేర్పండి. నేను మొదలుపెట్టాను. తోడు రండి.